అత్త జేబులో అంటార్కిటికా

నాగారంలో నాకొక నూట యాభై గజాల ప్లాటు ఉండె. ఇప్పుడు లేదు. దాని బదులు నా దగ్గర ఒక దళసరి ఎర్రకోటు, మూడు జతల ఉన్ని సాక్సులు, నీలంగా మెరిసే మంచుగడ్డల ఫోటోలు నాలుగు వేలు ఉన్నయి. మా తమ్ముడు ఆనంద్ దీన్ని పిచ్చి అంటడు. నేను యాత్ర అంటున్న. పోయినోళ్ళం మేము ముగ్గురం కాబట్టి, మా వైపు నుంచి రాసే హక్కు నాకుంది.

ముగ్గురమంటే నేను, మా తమ్ముని పిల్లలిద్దరు. పెద్దది కెజియా, పన్నెండేండ్లు. చిన్నోడు జోయెల్‌కు తొమ్మిది నిండినయి. నా పేరు సుగుణ. పెండ్లి చేసుకోలేదు. నాచారంలో తమ్ముని ఇంటి పై అంతస్తులో ఉంట. ఉప్పల్ వైపు ఒక పరిశోధన సంస్థ ల్యాబులో ముప్పై రెండేండ్లు పనిచేసి యాభై ఎనిమిదేండ్లకు రిటైరైన.

నా పని రాళ్ళు కోయడం. సైంటిస్టులు ఎక్కడెక్కడికో పోయి రాళ్ళు ఏరి సంచుల్లో తెస్తరు. వాటిని రంపం మీద కోసి, గాజుపలకకు అంటించి, వెలుతురు అవతలికి కనపడేంత పల్చగా అరగదీయాలె. ప్రతి సంచికి ఒక చీటీ ఉంటది. ఏ చోటు, ఏ తేదీ, ఏరినవాళ్ళ పేరు. అట్ల నా చేతుల మీదుగా పోయిన రాళ్ళకు లెక్కలేదు. ఒక్కటి కూడా నేను ఏరింది కాదు. ల్యాబోళ్ళను ఫీల్డుకు పంపరు.

ఒకసారి అంటార్కిటికా రాయి వచ్చింది. మన మౌలాలి గుట్ట రాయి కంటే అందంగా ఏం లేదు. అక్కడ ఎట్ల ఉంటది సార్ అని తెచ్చినాయనను అడిగితే, "చలి" అన్నడు. ఆ ఒక్క ముక్కతోని నన్ను పదిహేనేండ్లు ఊరించిండు.

నాచారం

పిల్లలు పెద్దగైనంక ఆ ప్లాటు వాళ్ళ పేరు మీద రాయాలనే అనుకున్న. రిటైరైన నెలకు ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నం తింటున్నప్పుడు ఇద్దరినీ అడిగిన.

"మీకు ప్లాటు కావాల్నా, పెంగ్విన్లు కావాల్నా?"

జోయెల్ ప్లాటుల ఏముంటది అని అడిగిండు. తుమ్మచెట్లు, పక్కోళ్ళు పోసుకున్న ఇసుక ఉంటయని చెప్పిన. పెంగ్విన్లే అన్నడు. కెజియా రెండు రోజులు గడువు అడిగింది. ఏమేమో చదువుకొని వచ్చి, తనకూ పెంగ్విన్లే కావాలె గానీ రేపు ఎవ్వరూ ప్లాటు సంగతి ఎత్తి తమను దెప్పొద్దని నాతోని కాయితం రాయించి సంతకం తీసుకున్నది. ఆ పిల్ల ఎసుంటిదో నాకు అప్పుడే తెలిసి ఉండాలె.

ప్లాటు అమ్మంగనే తమ్ముడు పదకొండు రోజులు నాతోని మాట్లాడలేదు. మరదలు సునీత మాట్లాడింది గానీ అంతా చలి గురించే. క్రిస్మస్‌కు పిల్లలు చర్చిలో ఉండరంటే పాస్టర్ గారు కొంచెం నొచ్చుకున్నడు. అయినా భూమి అంచులకు పోతున్న బిడ్డలని మా కోసం ప్రార్థన చేసిండు. వెనక వరుసలో ఒకామె, అండమానా అని నన్ను అడిగింది.

మంకీ క్యాపులు ఉప్పల్‌లో కొన్నం. దుకాణపాయన ఊటీకా అక్కా అన్నడు. ఇంక జర కిందికి అన్న. కొడైకెనాలా అన్నడు. ఇంకా కిందికి అన్న. దాని కింద సముద్రమే గదా అన్నడు. ఆ సముద్రం కూడా దాటి అని చెప్పిన. ఆయన నన్ను ఒకసారి, పిల్లలను ఒకసారి చూసి, పాపమనుకున్నడేమో, మూడింటి మీద యాభై రూపాయలు తగ్గించిండు.

ఉషుయాయా

ఎన్ని విమానాలు మారినం, ఎక్కడెక్కడ ఆగినం అనేది రాయను. కూర్చొని కూర్చొని నడుము పట్టింది, అంతే. దిగింది అర్జెంటీనా అడుగున ఉషుయాయా అనే ఊరు. భూమి ఇక్కడితోని అయిపోతదని ఊరోళ్ళే బోర్డు పెట్టుకున్నరు. దాని పక్కన ఫోటో దిగడానికి పెద్ద లైను. డిసెంబరు అక్కడ ఎండాకాలం. మేము మూడు స్వెటర్ల మీద వణుకుతుంటే ఊరి పిల్లలు టీషర్టులేసుకొని ఐస్‌క్రీం తింటున్నరు.

హోటళ్ళ అద్దాల వెనక గొర్రెపిల్లలను ఇనుప కమ్మీలకు కట్టి, మంట చుట్టూ నిలబెట్టి కాలుస్తరు. జోయెల్ ముక్కు అద్దానికి అంటించి పది నిమిషాలు కదల్లేదు. లోపలికి పోయి తిన్నం. లాలాపేట్‌లో రెండు కిలోల మటన్ వచ్చే డబ్బుకు అక్కడ ఒక ప్లేటు వచ్చింది. కారం లేదు, మసాలా లేదు, వట్టి ఉప్పు. అయినా అంత రుచిగా ఉండేసరికి నాకు కోపమొచ్చింది. ఇన్నేండ్లు అల్లం వెల్లుల్లి నూరింది ఎందుకు మరి.

టీ కోసం ఒక చిన్న కొట్టుకు పోయినం. ఆ కొట్టామె పేరు మార్తా. నా అంత వయసు ఉంటది. ఆమె ఆ ఊర్లనే పుట్టింది. కిటికీలోంచి చూస్తే ఓడలు కనిపిస్తయి. ఎన్నిసార్లు పోయినవ్ అంటార్కిటికాకు అని కెజియా అడిగితే, ఒక్కసారి కూడా పోలేదన్నది. రోజూ పోయేటోళ్ళకు టీ పోస్తనే ఉన్న అన్నది. నాకు విచిత్రమనిపించలేదు. ఉప్పల్ స్టేడియం మా ఇంటికి ఇంత దగ్గర, నేను ఒక్క మ్యాచు చూడలేదు. ఆ ముక్క చెప్తే మార్తా నవ్వి పిల్లలకు చెరొక బిస్కెట్ ఊరికే ఇచ్చింది.

తేలే బంగళా

ఓడ అంటే నేను ఇనుప మెట్లు, నూనె వాసన అనుకున్న. లోపలికి అడుగుపెడితే పియానో వినిపించింది. మా గదికి బాల్కనీ ఉంది, స్నానాల తొట్టి ఉంది, బాత్రూంలో నేలకు కూడా వేడి పెట్టిన్రు. జోయెల్ మొదటి సాయంత్రం ఆ నేల మీదనే పడుకొని హోంవర్కు చేసిండు.

మా గది చూసుకునేటాయన పేరు జున్. ఫిలిప్పీన్స్ మనిషి. తువ్వాళ్ళను మడిచి ఏనుగులు, కొంగలు చేసి మంచం మీద పెడతడు. మనం విప్పి పడేసిన సాక్సులను కూడా మడత పెడతడు. అది చూసి జోయెల్‌కు సిగ్గయింది. ఇంట్లో దుప్పటి ముట్టని పిల్లగాడు, జున్ వచ్చేలోపే లేచి పక్క సర్దడం మొదలుపెట్టిండు. మూడో రోజు జున్ నన్ను పక్కకు పిలిచి, బాబు నా పని చేసేస్తుంటే సూపర్వైజర్ నన్ను అడుగుతున్నడు మేడం, జర చెప్పండని బతిమాలుకున్నడు.

ఒడ్డు మీద దిగకముందు అందరికీ ఎర్రకోట్లు ఇచ్చి, మా బట్టలు తనిఖీ చేసిన్రు. మన దేశాల నుంచి ఒక్క గింజ కూడా ఆ నేల మీద పడొద్దట. చిన్న వాక్యూం పెట్టి జేబులు, మడతలు పీల్చిన్రు. జోయెల్ బూటు పట్టీలో గడ్డిగింజ దొరికింది. నాచారంలో వాళ్ళ క్రికెట్ గ్రౌండుది. పట్టకారుతోని తీసి, డబ్బాలో వేసి మూత పెట్టిన్రు. అంత దూరం ప్రయాణం చేసి ఆఖరి గుమ్మంలో దొరికిపోయింది పాపం.

యాత్ర నాయకురాలు ఇంగ్రిడ్, నార్వే ఆవిడ. ఆరడుగుల మనిషి, ఇరవై ఐదేండ్లు మంచులోనే పనిచేసిందట. ఆమె అందరినీ హాల్లో కూర్చోబెట్టి నియమాలు చెప్పింది. పెంగ్విన్లకు ఐదు మీటర్ల దూరంలో ఉండాలె. నేల మీద కూర్చోవద్దు. తిండి తీసుకపోవద్దు. అక్కడి నుంచి ఏమీ తేవద్దు. ఈక కాదు, ఎముక కాదు, రాయి కాదు. అందరం కాయితం మీద సంతకాలు పెట్టినం. పిల్లలకు బాల అన్వేషకులని బిళ్ళలు ఇచ్చిన్రు. జోయెల్ తన బిళ్ళ అదే సాయంత్రం పోగొట్టుకున్నడు. కెజియా మాత్రం నైట్ డ్రెస్సుకు కూడా పెట్టుకున్నది.

డ్రేక్ జలసంధి

మధ్యలో రెండు రోజుల సముద్రం. ఓడ ఒక పక్కకు ఒరిగి, ఏదో మర్చిపోయినట్టు ఆగి, మళ్ళీ ఇంకో పక్కకు ఒరుగుతది. కోటీశ్వరులంతా గదులకు అంకితమైన్రు. పొద్దున అంత పెద్ద భోజనాల హాల్లో మేం ముగ్గురం, కెనడా నుంచి ఒంటరిగా వచ్చిన ఒక ముసలాయన, అంతే. ఆయన పేరు వాల్టర్, రిటైర్డ్ జడ్జి. మీకు కడుపులో తిప్పడం లేదా అని అడిగితే, ఉప్పల్ నుంచి నాచారానికి షేర్ ఆటోలో పోయేటోళ్ళం మాకేమైతది అని గొప్పగా చెప్పిన. పావుగంటకు, పక్క బల్ల మీద ఐసు పెట్టే వెండి గిన్నెలో వాంతి చేసుకున్న. వాల్టర్ మర్యాదగా కిటికీ వైపు తిరిగిండు. పిల్లలు మాత్రం తిరగలేదు.

క్రిస్మస్ ఆ సముద్రం మీదనే వచ్చింది. ఓడ పనివాళ్ళు వంటింటి టోపీలతోనే వచ్చి పాటలు పాడిన్రు. మా పిల్లలిద్దరూ స్తంభాలు పట్టుకొని ఒక తెలుగు పాట పాడిన్రు. ఓడ ఒరిగినప్పుడల్లా రాగం కూడా ఒరిగింది. జున్‌కు జోయెల్ వయసు కొడుకున్నడట. పాట అయినంక వచ్చి జోయెల్ తల నిమిరి, పోయి ప్లేట్లు సర్దుకున్నడు. ఆ రోజు కేకు బాగుంది గానీ సునీత చేసే గారెల మీదికి మా ముగ్గురికీ మనసు పోయింది.

పెంగ్విన్ల బస్తీ

మూడో పొద్దున లేచి తెర తీస్తే బయట ఒక దీవి ఉంది. నల్లటి కొండ, దాని మీద మంచు, కింద గులకరాళ్ళ ఒడ్డు. రబ్బరు పడవలలో పదేసి మందిమి పోయి దిగినం.

ఫోటోల్లో వాసన రాదు కాబట్టి అది నేను చెప్తున్న. ఎండుచేపల సంత పక్కన మోరీ పొంగితే ఎట్లుంటదో అట్లుంటది. అయిదు నిమిషాలకు అలవాటైపోతది. పెంగ్విన్లు మనల్ని అసలు లెక్కచెయ్యవు. వాటి పనులు వాటికున్నయి. గూడంటే వాటికి రాళ్ళ కుప్పనే. మగది ఒక్కొక్క రాయి ముక్కుతోని పట్టుకొచ్చి ఆడదాని ముందు పెడతది. అది వంగి చూసి, కుదురుగా పక్కన సర్దుకుంటది. అప్పుడే పుట్టిన బూడిదరంగు పిల్లలు కింది నుంచి తలలు బయటికి పెడుతున్నయి. ఒకటి రాయి కోసం పోగానే పక్కగూటిది వచ్చి ఉన్న రాయి ఎత్తుకపోతది. ఎవ్వరికీ సిగ్గు లేదు. జోయెల్ దీన్ని మా గల్లీలో పోయించుకున్న ఇసుక రాత్రికి రాత్రి తరిగిపోయిన సంగతితో పోల్చిండు. నేను నోరు మూసుకొమ్మన్న.

తిరుగు పడవ కోసం లైనులో నిలబడ్డం. పిల్లలు ముందున్నరు. నా ప్యాంటు అంచు బూటు మీదికి లేచింటే సర్దుకుందామని వంగిన. కాలి పక్కన రేగుపండంత రాయి ఉంది. నల్లగా, తడిగా, నడుమ తెల్లటి సన్న గీత.

ఎందుకు తీసిన అని తర్వాత చాలామంది అడిగిన్రు. ఆ క్షణంలో నేనేమీ అనుకోలేదు. చెయ్యి పోయింది. ముప్పై రెండేండ్లు వేరేటోళ్ళు ఏరిన రాళ్ళు కోసిన చెయ్యి అది. చేతితొడుగులో రాయి బరువు తెలిసింది. జిప్పు తీసి, జేబులో వేసి, జిప్పు వేసిన. లేచి నిలబడి ఆకాశం చూసిన, ఏదో పక్షిని గుర్తుపడుతున్నట్టు.

ఓడలో బూట్లు మందునీళ్ళల్లో కడిగిన్రు గానీ జేబులు ఎవ్వరూ చూడలేదు. పోయేటప్పుడు జేబులు చూసేటోళ్ళు వచ్చేటప్పుడు చూడరని నాకు అప్పుడు అర్థమైంది. మంచిగనే అనిపించింది. భోజనంలో రెండు సార్లు చేప పెట్టించుకున్న.

గడియ పెట్టిన గది

రోజూ సాయంత్రం దిండు మీద చాక్లెట్లు పెడతరు. జోయెల్ పండ్లు పుచ్చుతయని వాని వంతు నేను దాచిపెట్టేది. మరునాడు సాయంత్రం వాడు వాటి కోసం నా కోటు జేబులన్నీ గాలించిండు.

"అత్తా, ఇదేంది?"

కెజియా పుస్తకం మూసి, లేచి పోయి తలుపుకు గడియ పెట్టింది.

"బూటుకు అంటుకొని వచ్చినట్టుంది" అన్న.

"బూటుకు జేబు జిప్పు ఉంటదా అత్తా?"

ఆ పిల్లకు పన్నెండేండ్లు. నేను గాలికి ఎగిరి పడ్డదేమో అన్న. పెంగ్విన్ వేసిందేమో అన్న. ఆ మాట నా నోటికే సిగ్గనిపించింది. చివరికి మంచం మీద కూర్చొని, నేనే తీసిన, నేనే జేబుల వేసుకున్న అని ఒప్పుకున్న.

జోయెల్‌కు ఇది పండుగైంది. ఎవ్వరికీ చెప్పను గానీ పూటకు రెండు ఐస్‌క్రీములు, స్నానం మాఫీ, వాని చాక్లెట్లు వానికే అని షరతులు పెట్టిండు. మూడింటికీ సరేనన్న. కెజియాకు ఏమీ వద్దట. ఇంగ్రిడ్‌కు చెప్పు అన్నది. నేను చెప్పకపోతే తానే చెప్తా అనలేదు. నువ్వే చెప్పాలె అన్నది, అంతే. బెదిరిస్తే బేరమాడేదాన్ని. బెదిరించని మనిషితో ఏం బేరం.

అసలు చిక్కు జోయెల్ బయటపెట్టిండు. మేం అప్పటిదాక దిగిందంతా దీవులే. మూడు రోజుల తర్వాత అసలు ఖండం మీద దిగుడు ఉంది. నియమం తప్పినోళ్ళను మళ్ళీ ఒడ్డుకు పంపరని ఇంగ్రిడ్ మొదటి రోజే చెప్పింది. నేను చెప్తే ముగ్గురినీ ఆపేస్తరేమోనని వానికి భయం. ఖండం మీద నిలబడాలని నా కంటే ఎక్కువ కలలు కన్నది కెజియానే. అయినా తన మాట మార్చుకోలేదు. ఆ రోజు మేం ముగ్గురం ఒకే గదిలో మూడు పక్కలకు తిరిగి పడుకున్నం.

జడ్జి గారి టేబుల్

మరునాడు భోజనానికి వాల్టర్ మా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నడు. సూపు వచ్చింది. జోయెల్ తన రెండో ఐస్‌క్రీం ముందే తెప్పించుకొని, ఆయనను ఒక సందేహం అడిగిండు. ఒక పిల్ల ఒడ్డు మీది నుంచి చిన్న రాయి ఒకటి తెచ్చుకుంటే మీ కోర్టుల ఏం శిక్ష పడుతది అన్నడు. నా చెంచా సూపులోనే ఆగిపోయింది.

వాల్టర్ ఆలోచించి, ఆ పిల్లకు వయసెంత అని అడిగిండు.

"యాభై ఎనిమిది" అన్నడు జోయెల్.

కెజియా బల్ల కింద వాణ్ని తన్నింది. వాల్టర్ నా వైపు చూడలేదు. రొట్టెకు వెన్న రాసుకుంటూ, ఆ పిల్ల మీద ఇదివరకు కేసులేమైనా ఉన్నయా అని అడిగిండు. గురక ఒక్కటే అని జోయెల్ చెప్పిండు.

తానే వచ్చి చెప్పినోళ్ళకు శిక్ష తగ్గించేటోణ్ని, కానీ ఎంత తగ్గిస్తనో ముందు ఎవ్వరికీ చెప్పలేదు అన్నడు వాల్టర్. ఆ తర్వాత వాళ్ళావిడ సంగతి ఎత్తిండు. ఆమె పోయిన ప్రతి ఊరి నుంచి ఒక రాయి తెచ్చేదట. ఆమె చనిపోయి ఆరేండ్లయింది. ఇంట్లో పెద్ద గాజుగిన్నె నిండ రాళ్ళున్నయి. ఏది ఎక్కడిదో ఆమెకే తెలుసు.

"ఏది ఏ ఊరిదో నాకు తెల్వదు. దుమ్ము తుడుస్త, అంతే" అన్నడు.

ఆ మాట తర్వాత నాకు అన్నం సహించలేదు. గదికి పోయి, అలవాటు కొద్ది ఓడవాళ్ళ చిన్న కాయితం తీసుకొని ఆ రాయికి చీటీ రాయబోయిన. చోటు రాసిన. తేదీ రాసిన. ఏరినవాళ్ళ పేరు దగ్గర పెన్ను ఆగింది. రాయకపోతే అది ఉత్త గులకరాయి. రాస్తే అది నా నేరానికి రుజువు. కాసేపటికి కాయితం చింపేసి, కెజియా రేపు పొద్దున నాతోని వస్తవా అని అడిగిన. వస్త అన్నది.

ఇంగ్రిడ్ గది

ఇంగ్రిడ్ గదిలో పటాలు, తాళ్ళు, చల్లారిన కాఫీ. పిల్లలు తలుపు బయట నిలబడ్డరు. నేను రాయి తీసి బల్ల మీద పెట్టి, ఎక్కడ తీసిన్నో, ఎట్ల దాచిన్నో అంతా చెప్పిన. నా ఇంగ్లీషు అప్పుడప్పుడు తడబడ్డది గానీ ఆమె మధ్యలో అడ్డం రాలేదు. ఎందుకు తీసినవ్ అని ఒక్కటే అడిగింది. నా పని సంగతి చెప్పిన. నేలమీది నుంచి నా చేతులతో నేను ఎత్తిన మొదటి రాయి ఇది అని చెప్పిన.

ఆమె రాయిని తిప్పి చూసింది. ఇదేం రాయి అని అడిగింది. లావా చల్లారి అయినది, తర్వాత పగులులో సున్నం దిగి ఆ తెల్లగీత వచ్చింది, పల్చగా అరగదీస్తే ఆ గీత అద్దంలెక్క మెరుస్తది అని చెప్పిన. శ్రద్ధగా విన్నది. నాకు లోపల చిన్న ఆశ పుట్టింది.

"మీరు చెప్పింది నాకు బాగా అర్థమైంది" అన్నది ఇంగ్రిడ్. "కానీ రేపు ఖండం మీద మీరు దిగరు."

రిపోర్టులో కూడా రాయాల్సి ఉంటదని చెప్పింది. వాతావరణం బాగుంటే తిరుగు ప్రయాణంలో అదే దీవి దగ్గర ఆగుతరట, రాయి అక్కడనే తిరిగి పెట్టాలె. పిల్లలది తప్పు లేదు, వాళ్ళను గైడు తీసుకపోతడు అన్నది. తలుపు బయట జోయెల్ గట్టిగా ఊపిరి వదిలింది నాకు వినిపించింది.

బాల్కనీ నుంచి ఖండం

అత్త లేకుండ మేం పోమంటరేమోనని నాలో ఏదో మూల ఒక ఊహ ఉండె. వాళ్ళు అందరికంటే ముందు బూట్లేసుకొని లైనులో నిలబడ్డరు. జోయెల్ నా దుర్భిణీ కూడా అడిగిండు. అది మాత్రం ఇయ్యలేదు.

బాల్కనీలో నిలబడి చూసిన. ప్లాటు అమ్మింది ఈ నేల మీద కాలు పెట్టడానికే. అది నా ముందు అర కిలోమీటరు దూరంలో ఉంది. తెల్లటి వాలు, దాని కింద నల్లరాళ్ళు, అటు నడిచే ఎర్ర చుక్కలు. దుర్భిణీలో నా ఎర్ర చుక్కలు రెండింటినీ వెతికి పట్టుకున్న. చిన్నది ఒకచోట జారి పడి లేచింది. పెద్దది వాలు మీద నిలబడి చాలాసేపు కదల్లేదు. నాకు ఏడుపొచ్చింది. జున్ అప్పుడే టీ తెచ్చి, నా మొహం చూసి, నాకో కుర్చీ లాగి దాని మీద దుప్పటి పరిచి పోయిండు.

రెండు గంటలకు పిల్లలు వచ్చిన్రు. మొహాలు ఎర్రగా, కండ్లు తళతళ. ఎట్లుంది అని అడిగిన.

"ఏం లేదత్తా. అంతా మంచే. చూసేదేం లేదు" అన్నది కెజియా.

"అబద్ధం. మస్తుంది" అన్నడు జోయెల్.

కెజియా వాని వైపు ఉరిమి చూసింది. బూటుకు జిప్పు ఉంటదా అని నన్ను నిలదీసిన పిల్ల, నా కోసం మొదటిసారి అబద్ధమాడింది, అది కూడా సరిగ్గా రాలేదు. మస్తుందని తెలుసు, దుర్భిణీల చూసిన, మొత్తం చెప్పు అన్న. అప్పుడు కూర్చొని చెప్పింది. కాలి కింద ఎంత మెత్తగా ఉందో, మంచు విరిగి నీళ్ళల్లో పడ్డప్పుడు మన ఉరుము లెక్కనే ఎట్ల వినిపించిందో, వాలు మీద నిలబడ్డప్పుడు ఎవ్వరూ మాట్లాడొద్దని గైడు చెప్తే జోయెల్ కూడా ఎట్ల ఊకున్నడో. జోయెల్ ఊకున్నడంటే అది నిజంగా గొప్ప చోటే అయి ఉండాలె.

మళ్ళీ అదే ఒడ్డు

తిరుగు దారిలో గాలి తగ్గింది. దీవి దగ్గర గంటసేపు ఆగినం. ఇంగ్రిడ్ నన్ను, పిల్లలను మొదటి పడవలో తీసుకపోయింది. రాయి ఆమె దగ్గర చిన్న సంచిలో ఉంది. ఒడ్డుకు దిగినంక సంచి నా చేతికిచ్చి, ఎక్కడో చూపించండి అన్నది.

లైను కట్టిన చోటు గుర్తుపట్టిన. వంగి, చేతితొడుగు తీసి, ఒట్టి చేతితోని రాయిని కింద పెట్టిన. తడి రాళ్ళ నడుమ పడంగనే అది ఏదో గుర్తుపట్టలేనట్టు కలిసిపోయింది. మేం వెనక్కి జరిగినం.

ఒక పెంగ్విన్ అటు వైపు నడుచుకుంటూ వచ్చింది. ఆగింది. తల వంచి ఒక కన్నుతోని చూసింది, ఇంకో కన్నుతోని చూసింది. సరిగ్గా ఆ తెల్లగీత రాయినే ముక్కుతోని ఎత్తుకొని, అటూ ఇటూ ఊగుకుంటా గూటికి పోయి ఆడదాని ముందు పెట్టింది. అది దాన్ని తన పిల్ల పక్కన సర్దుకున్నది. మగది మెడ ఎత్తి కూసింది. నాకు కడుపు నిండినట్టయింది. అంతలో మగది మళ్ళీ రాళ్ళకు పోయింది, పక్కగూటిది మెల్లగా వచ్చి తెల్లగీత రాయిని ఎత్తుకొని పోయింది.

"మేడం, దాన్ని కూడా ఓడల కూసోబెడ్తరా?" అని జోయెల్ ఉత్సాహంలో తెలుగులోనే అడిగిండు. కెజియా దాన్ని ఇంగ్లీషులో చెప్పింది. పది రోజుల్లో ఇంగ్రిడ్ పెద్దగా నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

పడవ ఎక్కే ముందు కెజియా నా ముందు వచ్చి నిలబడ్డది. జేబులు చూపించు అన్నది. ఎర్రకోటుకు నాలుగు జేబులు. ఒక్కొక్కటి జిప్పు తీసి, చెయ్యి పెట్టి వెతికి, మళ్ళీ జిప్పు వేసింది. వెనక లైనులో ఉన్న వాల్టర్ చాలా గంభీరంగా చూస్తున్నడు. మూడు జేబులు ఖాళీ. నాలుగోది కూడా ఖాళీ. అందులోంచి మాత్రం చెయ్యి తీయలేదు. పడవ కదిలింది, నీళ్ళు మొహం మీద చిమ్మినయి, ఓడ దగ్గరికి వచ్చేదాక ఆ చెయ్యి నా జేబులోనే ఉంది. కాపలాకో, చలికో నేను అడగలేదు. నా చెయ్యి కూడా లోపల పెట్టి, దాని చెయ్యి పట్టుకున్న.